లెమ్యూయెల్ టోపీ

మొక్కజొన్న పిండిలో కారం మాంసం పెట్టి, కండె ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలీలు అమ్ముతుంది మా వెర్సీ టాలివర్. మిసిసిపీ పత్తి చేల మధ్యనున్న మా ఊళ్ళో ఆమె నోటికి జడవనివాడు లేడు. తండ్రి మాట వస్తే మాత్రం ఆ నోరు మూతపడేది.

తండ్రి లెమ్యూయెల్ మా నల్లవాళ్ళ బ్లూస్ పాటలు పాడేవాడు. తెల్లవాడు ఎదురైతే నల్లవాడు టోపీ తీయాల్సిన రోజులవి. ఒకనాడు కొట్టు ముందు తెల్ల భూస్వామి ఎదురైతే టోపీ తీయలేదు. తీయమని గద్దించినా తీయలేదు. చంపేస్తారని తెలిసి, ఆ సాయంత్రమే గిటార్ భుజాన వేసుకుని చేలకడ్డంపడి పారిపోయాడు. అప్పటికి వెర్సీ పాలపళ్ళ పిల్ల. తర్వాత ఆయన రికార్డులు వచ్చాయి, పేరు వచ్చింది, మనిషి మాత్రం రాలేదు.

ఆయన చనిపోయిన ఎన్నాళ్ళకో మావాళ్ళకు గుర్తొచ్చి, కోర్టు ముందు కంచు విగ్రహం నిలబెట్టారు. తాడు లాగి ముసుగు తీయాల్సింది వెర్సీయే. పాస్టర్ ప్రార్థన చేశాడు. విగ్రహం కనబడేదాకా పెట్టుకోకూడదని మగవాళ్ళంతా ప్రార్థనకు తీసిన టోపీలు చేతుల్లోనే ఉంచుకున్నారు. ఇంతలో గాలికి ముసుగు ఒక పక్క లేచింది. వెర్సీ చూసింది, పక్కనే ఉన్న నేనూ చూశాను. విగ్రహం రెండు చేతులతో టోపీని నడుము దగ్గర పట్టుకుని ఉంది. నా ఒళ్ళు మండిపోయింది.

"లాగండి, మిస్ వెర్సీ," అన్నాడు మేయర్ రేనార్డ్. వాడూ మా నల్లవాడే.

"ఆ టోపీ చేతిలోకెలా వచ్చిందిరా?"

"వినయంగా ఉంటుందని కమిటీ వాళ్ళు..."

"వినయమా! అదే ఉంటే మా నాయన నన్నొదిలి పోయేవాడా?"

"టీవీ వాళ్ళు చూస్తున్నారు పిన్నీ, నా పరువు తీయకు. ముందు లాగెయ్, తర్వాత చూద్దాం."

"నీ తర్వాత సంగతి నాకు తెలుసులే. లాగను."

కమిటీ పెద్ద ఆ భూస్వామి మనవడే. అతను తాడు అందుకోబోయాడు. వెర్సీ దాన్ని మణికట్టుకు చుట్టేసుకుంది.

"రా, లాగు. నాతో సహా లాగు."

ఒక పోలీసు అటు కదిలాడు. ఈ ముసలిదాన్ని ఈడ్చేస్తారేమో అనుకున్నాను. అప్పుడు మా చర్చి పెద్ద, డీకన్ ఏబ్నర్ కర్ర ఊతంతో ముందుకొచ్చి, వెర్సీ పక్కన నిలబడి, తన టోపీ తలమీద పెట్టుకున్నాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మా ఆయన, చివరికి పాస్టర్ కూడా. కమిటీ పెద్ద చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోలీసు ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు.

ఆ రోజు ముసుగు తీయలేదు. విగ్రహాన్ని వెనక్కి పంపించారు. వసంతంలో మళ్ళీ నిలబెట్టినప్పుడు తాడు లాగింది వెర్సీయే. టోపీ తలమీదే ఉంది, ఒక పక్కకు కాస్త వాలి. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళా నాయనా రావడానికి?" అని అందరి ముందూ తిట్టిపోసింది.