ఇంకో దావ

నేను వేంపల్లెలో విలేకరిగా ఉన్న రోజుల్లో చర్చి కాపలా పెద్దాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, నాపరాయిపై గీసిన గీతల్లో మాతో పులిమేక ఆడేవాడు. పులులు ఎప్పుడూ ఆయనవే. మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే పులి దాని మీదుగా దూకి చంపగలదు. మేకలన్నీ కమ్ముకుని పులులను కదలనివ్వకపోతే ఆట ముగిసినట్టే. కానీ ఆ మాట మేకలవాళ్లు అనకూడదు. పులులవాడే "కట్టుబడింది" అని ఒప్పుకోవాలి. అది అక్కడి పద్ధతి.

ఆయన ఓ పట్టాన ఒప్పుకునేవాడు కాదు. ఒక్కో గీత వెంబడి వేలు పోనిచ్చి, "ఉండప్పా, ఇంకో దావ ఉండాది" అనేవాడు.

"ఆ దావన పోవల్లంటే నీ పులికి రెక్కలు మొలవల్ల మామా" అని మేం నవ్వేవాళ్లం.

తర్వాత కొన్నాళ్లకు ఆయన భార్యను కడప ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడబోయిన రోజు ఆమె మిషను మీద ఊపిరి తీస్తోంది.

"ఇక మందులు పనిచేయవు. మిషను తీసేయమని మీరే చెప్పాలి" అన్నాడు డాక్టరు.

పెద్దాయన మంచం మీది గళ్ల దుప్పటిపై ఒక్కో గీత వెంబడి వేలు పోనిచ్చాడు. చాలాసేపటికి ఆ వేలు ఆమె చేతి దగ్గర ఆగింది.

"కట్టుబడిందప్పా" అన్నాడు నాతో.