ముందు ఎడమ చక్రంలో గాలి లేదు

నవ్వదలుచుకుంటే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కొంచెం గొంతు తగ్గించి నవ్వండి. ఈ కథలో ఎర్రగుడ్డ కట్టిన ఒక మట్టికుండ ఉంది, అందులో నాకు బాగా కావలసిన మనిషి అస్థికలున్నాయి. పొద్దు గుంకేలోపు ఆ కుండని గంగ దాకా చేర్చే పని నాకు అప్పగించారు. ఆ పనిని నేను ఏ స్థాయిలో నాశనం చేశానో చెప్పడానికే కూర్చున్నాను.

ముందు నా పుట్టుపూర్వోత్తరాలు. మా నాన్నకి చీరాలలో బట్టల కొట్టు. ఆ పక్క ఇత్తడి సామాన్ల కొట్టు, ఈ పక్క చెప్పుల కొట్టు, ఎదురుగా మా మేనమామ పచారీ కొట్టు. ఊయల్లో నేను విన్న జోలపాట "ఆఖరు మాట చెప్పండి". "బేరం తెగకపోతే మెట్లు దిగి వెళ్ళిపో. మూడో మెట్టు మీద ఉండగా వెనక్కి పిలుస్తారు" అని మా నాన్న నేర్పాడు. కొందరికి తండ్రులు పొలాలిస్తారు. నాకు ఆ మూడో మెట్టు ఇచ్చాడు.

ఉద్యోగం నోయిడాలో వచ్చింది. నాలుగేళ్ళ కిందట, ఢిల్లీ కంటోన్మెంటులో ఉండే మన తెలుగు సుబేదారు గారొకాయన బదిలీ మీద అస్సాం వెళ్ళిపోతూ తన కొండలెక్కే జీపు అమ్మేశారు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి. వాగులు దాటుతుంది, గుట్టలెక్కుతుంది. నా చేతికొచ్చాక అది ఎక్కిన గుట్టలన్నీ మా అపార్టుమెంటు గేటు దగ్గరి స్పీడు బ్రేకర్లే. ఆయన్ని మూడు ఆదివారాలు పీడించి, నాలుగో ఆదివారం కొన్నాను. ఆయన తాళాలిస్తూ, "నాయనా, సరిహద్దులో కూడా ఇంత అలిసిపోలేదు" అన్నారు. దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

దీపావళి ముందు చూస్తే ముందు ఎడమ టైరు ఒక అంచున అరిగిపోయి ఉంది. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ కొత్తది. రెండూ అటూ ఇటూ మార్పిద్దామని టైర్ల ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను.

"మార్చడానికి రెండొందలు సాబ్. కంప్యూటరుకి చెప్పడానికి ఇంకో మూడొందలు."

"కంప్యూటరుకి ఏం చెబుతావు?"

"చక్రం లోపల సెన్సారుంటుంది. గాలి ఎంతుందో డ్రైవరు ముందున్న తెరకి అదే చెబుతుంది. చక్రం చోటు మారిందని తెరకి మనం చెప్పాలి, దానంతట దానికి తెలీదు."

"అచ్ఛా! బరువెత్తి చక్రం మార్చడానికి రెండొందలూ, మారిందని నోటితో చెప్పడానికి మూడొందలా? నా బండితో నేనే మాట్లాడుకుంటాలే భయ్యా."

ఉస్తాద్ చక్రాలు మార్చేసి నన్ను జాలిగా చూశాడు. "మీ ఇష్టం సాబ్. బండి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది."

ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టాడంటారు. నేను అంకుశం దగ్గర గెలిచాను కూడా. తొక్కింది ఏనుగు.

పదిహేను రోజులకి తెర మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. "ముందు ఎడమ చక్రంలో గాలి తక్కువ. ఇరవై నాలుగు." ఉండాల్సింది ముప్ఫై మూడు. దిగి గాలి మీటరు పెట్టి చూశాను. ముప్ఫై మూడు! మళ్ళీ చూశాను. ముప్ఫై మూడే. పోనీ అని గాలి కొట్టించి ముప్ఫై ఎనిమిది చేశాను. తెర ఇరవై మూడంది. నలభై రెండు చేశాను. ఇరవై ఒకటంది. నేను పెట్టేకొద్దీ అది తగ్గిస్తోంది! బేరమాడటంలో మా మేనమామ తర్వాత అంత మొండిఘటాన్ని నేను చూడలేదు.

రోజూ పొద్దున్నే పార్కింగులో గొంతుక్కూర్చుని పరిశోధన. చలికి గాలి ముడుచుకుంటుందని ఎవరో అంటే ఆ చక్రాన్ని ఎండలో నిలబెట్టాను. మీటరు తప్పేమోనని ఇంకో మీటరు కొన్నాను, అదీ పాత మీటరు మాటే చెప్పింది, నలభై రెండని. టైరుకి చెవి ఆనించి విన్నాను. మా ఆవిడ పద్మ బాల్కనీలోంచి అరిచింది: "ఏవండీ, నాడి దొరికిందా? కుర్చీ వేయించమంటారా?"

చివరికి తీర్పు చెప్పాను: సెన్సారు అబద్ధాలకోరు. భయపెట్టి సరుకు అమ్మడం మా వీధిలో పుట్టిన విద్య, నా దగ్గరా? పద్మ బొట్టుబిళ్ళల అట్టలోంచి పెద్దదొకటి తీసి, ఆ దీపం మీద అతికించాను. బండికి ముత్తైదువ కళ వచ్చింది. నాకు మనశ్శాంతి వచ్చింది.

డిసెంబరులో సుభద్ర ఆంటీ పోయారు.

మా పక్క ఫ్లాటే. ఆవిడా, రామనాథం అంకులూ. పిల్లల్లేరు. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఏ కాగితమైనా రెండుసార్లు చదవందే సంతకం పెట్టని మనిషి. ఆంటీ జ్వరమని ఆసుపత్రికి వెళ్ళారు, అయిదో రోజుకి అక్కడే పోయారు. ఆవిణ్ణి తీసుకెళ్ళిన రోజు నుంచీ మా అంతస్తులో ఎవరూ గట్టిగా తలుపు కూడా వేయలేదు.

పదో రోజు లోపల అస్థికలు గంగలో కలపాలి. బంధువులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళిపోయారు, ఇంటినిండా పొగమంచులాంటి నిశ్శబ్దం మిగిలింది. సరిగ్గా పదో రోజు పొద్దున అంకుల్ మా తలుపు తట్టి, "బాబూ, నన్ను గఢ్ ముక్తేశ్వర్ తీసుకెళ్తావా? ఆవిడ గంగలోనే కలపమంది. ఇవాళ పొద్దు గుంకేలోపు అయిపోవాలి" అన్నారు. ఇంతకుముందు ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగరు.

బయల్దేరేసరికి మంచు విడవక రెండయింది. ముందు సీట్లో అంకుల్, ఆయన ఒళ్ళో కుండ. హాపుర్ దాటాక రెండు పక్కలా చెరుకు తోటలు, బెల్లం వండే పొగ, సూర్యుడేమో ఉతికి వెలిసిపోయిన చొక్కా గుండీలా ఉన్నాడు.

టింగ్ టింగ్ అంది బండి.

అంకుల్ కళ్ళజోడు సవరించుకుని తెరని రెండుసార్లు చదివారు. "బాబూ, వెనక కుడి చక్రంలో ఇరవై ఎనిమిది అంటోంది."

"పట్టించుకోకండి అంకుల్. దీనికి అబద్ధాల జబ్బు. ఇన్నాళ్ళూ ముందు ఎడమ అనేది, ఇవాళ కాపురం మార్చింది."

కాసేపాగి, "ఇరవై రెండు అంటోంది."

"అననివ్వండి."

"పదిహేను."

"అంకుల్, చెప్పే మీటరుకి వినేవాడు లోకువ!"

ఆ సామెత పూర్తయిందో లేదో, వెనక కుడివైపు నుంచి తడిగుడ్డ బండకేసి బాదుతున్నట్టు చప్పుడు. బండి ఒరిగింది. అంకుల్ రెండు చేతులతో కుండని గుండెకి హత్తుకున్నారు. దిగి చూస్తే టైరు టైరులా లేదు, కాకులు పీకిన అరిటాకులా ఉంది. మధ్యలో వేలెడు మేకు.

"నాన్నా పులి" కథలో పిల్లాడు అబద్ధాలాడి, ఆడి, చివరికి నిజం చెప్పాడు. నా బండి పాపం మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది. ఆ సంగతి నాకు ఇంకా తెలీదు. ఆ క్షణాన నా గుండెలో ధైర్యం పేరు స్టెప్నీ.

"పది నిమిషాలు అంకుల్" అని వెనక తలుపు నుంచి స్టెప్నీ విప్పి కింద పడేశాను. టైరన్నాక పడితే ఎగరాలి. ఇది గోనెసంచిలా చతికిలబడింది. పిసరు గాలి లేదు.

నేను దాని పక్కనే చతికిలబడ్డాను. అంకుల్ కుండతో వచ్చి నిలబడ్డారు. ఆఫీసులో విచారణ చేస్తున్నట్టు నెమ్మదిగా అడిగారు:

"ఈ చక్రం ఇంతకుముందు ఎక్కడుండేది?"

"ముందు... ఎడమ."

"తెర ఇన్నాళ్ళూ ఏ చక్రంలో గాలి లేదంది?"

"ముందు ఎడమ."

"అంటే ఉద్యోగికి బదిలీ అయింది, ఫైలు మాత్రం పాత సీట్లోనే ఉంది. బదిలీ సంగతి తెరకి ఎవరు చెప్పాలి?"

"టైర్ల ఉస్తాద్. మూడొందలడిగాడు. నేను వద్దన్నాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పడమటి వైపు చూశారంతే. పొద్దు చెరుకు ఆకుల్ని తాకడానికి ఇంకో గంటన్నర కూడా లేదు. కుండ మీది ఎర్రగుడ్డ ముడిని ఇంకోసారి బిగించుకున్నారు.

పరిగెత్తి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. చెరుకు దించి ఖాళీగా వెళ్తున్న ట్రాక్టరొకటి ఆగింది. "ఘాట్ దాకా? అయిదొందలు" అన్నాడు డ్రైవరు.

ఇక్కడ మీరు నన్ను కొట్టొచ్చు. నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, "మూడొందలు" అని వచ్చింది! అతను తల అడ్డంగా ఊపాడు. నా కాళ్ళు, అవీ నా ప్రమేయం లేకుండానే, వెనక్కి తిరిగాయి. ఒక అడుగు. రెండు. మూడో అడుగు దగ్గర పిలుపు రావాలి. ట్రాక్టరు వెళ్ళిపోయిన చప్పుడు వచ్చింది. రోడ్డు మీద మెట్లుండవని మా నాన్న చెప్పలేదు.

"బాబూ," అన్నారు అంకుల్, "నువ్వు కాస్త బండిలో కూర్చో."

ఆయనే రోడ్డు అంచుకి వెళ్ళి, ఏమీ అనకుండా కుండని కొంచెం పైకెత్తి నిలబడ్డారు. తర్వాత వచ్చిన ట్రాక్టరు దానంతటదే ఆగింది. తలపాగా ముసలాయన దిగి, కుండకి దండం పెట్టి, ట్రాలీలో తన కంబళి పరిచాడు. ఎంతివ్వమంటారని అడిగితే చెవులు మూసుకున్నాడు. సున్నా రూపాయలకి ఎలా బేరమాడాలో మా వీధిలో ఎవరూ నేర్పలేదు, బండికి తాళం వేసి కుక్కిన పేనులా ఎక్కి కూర్చున్నాను.

చెరుకు పిప్పి మధ్య ఎగిరి పడుతూ అంకుల్ అన్నారు: "నలభై ఏళ్ళలో నేను దేని ధరా అడగలేదు. అన్నీ ఆవిడే. నేను వెనక సంచి పట్టుకునేవాణ్ణి." ఇవాళా ఆయన చేతుల్లో ఆవిడే ఉన్నారు.

ఘాట్ చేరేసరికి పొద్దు నీళ్ళ మీద వేలెడెత్తున ఉంది. ఒడ్డున ఒకటే పడవ. పడవవాడు, "నడిమి గంగ దాకా నాలుగొందలు" అన్నాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

అంకుల్ నడుం నిటారు చేశారు. ఒక్కసారి కుండ వైపు చూసుకున్నారు. తర్వాత వేలు చూపించి, ఆంటీ గొంతుని అరువు తెచ్చుకున్నట్టుగా గద్దించారు:

"ఏం కుదరదు! అయిదొందలు. అంతకంటే ఒక్క పైసా ఇవ్వను!"

పడవవాడు నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నా లోపల చీరాల బజారంతా గుండెలు బాదుకుంది. అయినా నోటి మీద చెయ్యి తియ్యలేదు. "ఠీక్ హై, బాబూజీ. మీరే గెలిచారు" అన్నాడు పడవవాడు. అంకుల్ గర్వంగా తలూపి, కుండతో, "చూశావా?" అన్నారు. ఆ మాట నాతో కాదు. అప్పుడిక ఆయన ఏడ్చారు.

పొద్దు గుంకకముందే ఆంటీ గంగలో కలిశారు.

గంగలో ఇష్టమైనది ఒకటి వదలాలంటారు. మావాళ్ళు కాకరకాయని వదిలి పుణ్యం కొట్టేస్తారు. నేను అలా తప్పించుకోదలుచుకోలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా, చేతులు జోడించి ప్రమాణం చేశాను: "అమ్మా గంగమ్మా, చక్రం విప్పినవాడు చేయాలన్న పనుల్లో ఇకమీదట ఒక్కటీ కొట్టేయను. హెచ్చరిక దీపానికి బొట్టు పెట్టను. శవంతో, కుండతో ఉన్నప్పుడు బేరమాడను. ఇదే నా ఆఖరు మాట. కూరగాయల బండ్లు మాత్రం ఇందులో కలపకు తల్లీ, అంత పుణ్యం నాకొద్దు."