తెలియదని రాసిన అమ్మాయి

ముదిగుబ్బలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. విత్తనానికి చాలినంత వాన, అంటే మా మాటలో పదును, పడిందని తెలియగానే "విత్తుకోవచ్చు" అని వేరుశనగ రైతులకు ఫోన్ చేసే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని చూసుకోవడం నా ఉద్యోగం. అందులో ఎవరు ఏది మార్చినా, ఎందుకు మార్చారో పైన వివరణ రాసి పుల్ రిక్వెస్ట్ పంపాలి. ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే ఆ మార్పు లోపలికి పోతుంది. మా ఆఫీసువాళ్లు రాసే వివరణ ఒక్కటే ముక్క, "సరిచేశాను" అని. ఏం సరిచేశారో వెతికేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది.

మా వైపు దారి అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక దిక్కుకు చెయ్యి చూపిస్తారు. తెలియదనడం నామోషీ. నేనూ ఆ గాలిలో పెరిగినదాన్నే.

ఈసారి వానలకు ముందు, శింగనమల నుంచి పనిచేసే ఒక కొత్త అమ్మాయి చేసిన మార్పు నా దగ్గరికొచ్చింది. ఇంత పొడుగు వివరణా అని విసుక్కుంటూనే మొదలుపెట్టాను. ఆగి ఆగి కురిసిన వాన వేర్వేరు జల్లులుగా నమోదై రైతులకు ఫోను పోవడం లేదని, అందుకే రోజులో పడిన జల్లులన్నీ కలిపానని, పాత వానలతో పరీక్షించానని రాసింది. అంతా తేటగా ఉంది. చివర ఇలా ఉంది: "రెండు జల్లుల నడుమ ఎండ కాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. దయచేసి అక్కడ చూడండి."

ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆమెది కొత్త ఉద్యోగం, చదివేది తన పని బాగోగులు తేల్చే మనిషి. అయినా తన పనిలో అనుమానమున్న చోటును తానే వేలుపెట్టి చూపించింది. అంత ధైర్యం నేనెక్కడా చూడలేదు.

అక్కడే చూశాను. పొద్దున తుంపర, మధ్యాహ్నం మాడ్చే ఎండ, సాయంత్రం మళ్లీ తుంపర పెట్టి నడిపితే ప్రోగ్రాము రెండూ కలిపి "విత్తుకోవచ్చు" అంది. ఆ ఫోను అందుకునేవాళ్లలో మా నాయన కూడా ఉన్నాడు. కాయలు ఒలిచి విత్తనం సంచిలో సిద్ధంగా పెట్టుకున్నాడు. అది పొడినేలలో పడి మాడితే ఈ యేటికి మాకు పంట లేనట్టే. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను, ఇద్దరం కలిసి ఆ రోజే దిద్దాం.

కొన్నాళ్లకు అచ్చం అలాంటి రోజే వచ్చింది. సాయంత్రం తుంపర ఆగగానే నాయన గదిలోకి వచ్చాడు.

"ఏమ్మా, మీ ఫోను మోగలేదే? పక్క చేనోళ్లు అప్పుడే విత్తే గొర్రు కడతాండారు."

"ఇంకా పదును కాలేదు నాయనా."

నమ్మలేదు. చేనికి పోయి మన్ను తవ్వి చూసుకుని తిరిగొచ్చాడు.

"పైపైన తడిసిండాది, లోపలంతా బూడిదే. ఎట్ల పసిగట్టినావు?"

"నేను కాదు. ఆ పని చేసిన అమ్మాయి, ఆడ ఏమవుతాదో నాకు తెలీదని ముందే రాసింది."

"తెలీదని రాసిందా! ఉద్యోగంలో ఉంచినారా ఇంకా?"

"ఉంచినారు నాయనా."

నాయన మూలన విప్పిపెట్టిన విత్తనం సంచి మూతి మళ్లీ బిగించి కట్టాడు.

"ఆ పాపకు చెప్పమ్మా, మన విత్తనం ఇంకా ఇంట్లోనే ఉండాదని."