వడకట్టని రంగు

ఆ మెడికల్ కాలేజీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ స్లైడ్లక్కే. మైనంలో బిగించిన కణజాలాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి ముప్పై ఏళ్లుగా పిల్లల ముందు పెడుతోంది. పిల్లలు డాక్టర్లయి వెళ్లిపోతారు. ఆవిడకి నడుమునొప్పి మిగిలింది.

రంగు వేసేముందు దాన్ని కాగితంలో వడకట్టాలి. మొన్న వేసవిలో తోటి టెక్నీషియన్ సెలవు పెడితే ఇద్దరి చాకిరీ ఈవిడ నెత్తిన పడింది. పైగా వడపోత కాగితాలు నిండుకున్నాయి. ఒక్క వారానికి కొంపలేం మునగవులే అనుకుని అలాగే వేసేసింది.

ఇప్పుడు మునిగేలాగే ఉంది. ఆ వారం స్లైడ్లలోనే ప్రొఫెసరుగారు కాలేయం అంచున నల్లటి చుక్కలు కనిపెట్టారు. ఇంతవరకూ ఎవరూ చూడనివట! వ్యాసం సిద్ధం. పిల్లలు సొంతంగా పరిశోధించి నేర్చుకునే కొత్త క్లాసు కూడా సోమవారం వీటితోనే మొదలు. పెట్టె సర్దుతూ ఒక స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టుకున్న స్లైడ్లక్కకి అవేం చుక్కలో చూడగానే తెలిసిపోయింది.

రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. నోరు మూసుకుంటే గౌరవంగా ఇంటికి పోవచ్చు. కానీ ఈ పిల్లలు రేపు ఆ చుక్కల్ని రోగుల్లో వెతకరూ? ఆ ఆలోచన మోసే ఓపిక కూడా లేక, మెట్లెక్కి ఆయన గదికి వెళ్లింది.

"సార్, స్లైడు కాస్త పక్కకి జరపండి. ముక్క దాటి, ఒట్టి గాజు మీద చూడండి."

ఆయన జరిపారు. అక్కడా చుక్కలే.

"రంగు వడకట్టలేదండి. ఇవి అందులోని నలుసులే. తప్పు నాదే."

పెన్ను బల్ల మీద గట్టిగానే పడింది. ఆయన, "మూడు నెలలు మురిసిపోయానమ్మా. ఒక్కసారీ పక్కకి జరపలేదు" అన్నారు.

సోమవారం అవే స్లైడ్లు ఇచ్చారు. పిల్లలు చుక్కలకి రకరకాల జబ్బులు అంటగట్టారు. అప్పుడు ఆయన, "చూడటంలో నా తప్పు తర్వాత చెబుతాను. ముందు ఈవిడ దగ్గర నేర్చుకోండి" అని స్లైడ్లక్కని పిలిచారు.

సిగ్గుతో తల తీసేసినట్టయింది ఆవిడకి. టీచరు లోపలికొచ్చినట్టు పిల్లలు అరవైమందీ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి నాయనా," అంది. "నాకూ ఒక కుర్చీ వెయ్యండి. ముప్పై ఏళ్లుగా నిలబడే ఉన్నాను."