కోరలు పీకిన బొమ్మలు

మా చిన్న చెల్లెలు పోయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి ముందు దీపం పెడుతున్నాను. వత్తి సరిచేసి, వెలిగించి, అప్పుడు బయలుదేరాను. ఏడుపు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా నాతోనే ఉంది.

ఆమె బొమ్మలు గీసేది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఒకటి ఉంది. ఆ ఆట పుస్తకాలకి గీసేది. అందులో మనుషులుంటారు, రాక్షసులుంటారు, గంధర్వులుంటారు. వాళ్ళలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటే పుట్టిన పిల్లలుంటారు. ఆ పిల్లలు ఎట్లా ఉండాలనేదే మా చెల్లి జీవితమంతా.

దానికి కారణం మా ఇల్లే. మా అమ్మ ఈ ఊళ్ళోనే, బళేపేటలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. నాన్న డార్జిలింగ్ కొండల నుంచి పటాలంలో ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి ఉండిపోయాడు. మేం ముగ్గురం ఆడపిల్లలం. నాకు అచ్చంగా అమ్మ ముఖం. నడిపిదానికి నాన్న రంగు, అమ్మ ముక్కు. చిన్నదానికి నాన్న కళ్ళు, అమ్మ నలుపు. నన్ను ఎవరూ ఏ ఊరని అడగలేదు. దాన్ని అడగనివాళ్ళు లేరు.

ఒకసారి ఇద్దరం ఆటోలో పోతున్నాం. డ్రైవరు అద్దంలో చూసి, "ఏ ఊరు మేడం? నేపాలా?" అన్నాడు.

"బళేపేట అప్పా" అంది చెల్లి.

అతను నా వైపు తిరిగాడు. "మీకేం కావాలమ్మా ఈమె?"

"చెల్లెలు."

"సొంత చెల్లెలా?"

"లేదప్పా, బాడిగకి తెచ్చుకోనుండారు" అంది అది. అతను అద్దం పక్కకి తిప్పేశాడు.

చెల్లి రంగులు ఎడమ చేతి మీదే కలుపుకునేది. ఆ చేత్తోనే పూజగదిలోకి వచ్చేది. కడుక్కోమంటే, "దేవుడికి రంగులు కొత్తా అక్కా?" అనేది. ఏ బొమ్మకైనా ముందు పళ్ళు గీసేది. పళ్ళు కుదిరితే మనిషి దొరికినట్లే అనేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నా దవడ చూసి రాక్షసులకి పెట్టేది. "కదలద్దు, నీ కోపం బాగుండాది" అనేది. నాకు కోపముందని కనిపెట్టింది అదొక్కతే.

రాక్షసుడికీ మనిషికీ పుట్టిన ముగ్గురు అక్కచెల్లెళ్ళని గీసింది. పెద్దదానికి తల్లి ముఖమే, కానీ అరచేతులు చాటలంత. నడిపిదానికి ఒకే కోర, అది పెదవి దాటి వంకరగా పైకి. చిన్నది నల్లగా, మందంగా, చిన్న కళ్ళతో, తండ్రి పోలిక. "సగం సగం అంటే నడుమ గీత గీసి ఈ పక్క ఇది, ఆ పక్క అది కాదక్కా. ఒకే కడుపున ముగ్గురు మూడు రకాలుగా పుడతారు. మనింట్లో చూడు" అంది. ఆ బొమ్మలు గీసేటప్పుడే జబ్బు ముదిరింది. పక్కలో దిండు మీద అట్ట పెట్టుకుని పూర్తి చేసింది.

పుస్తకం వేసే యజమాని ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంది. చెల్లి పంపిన ప్రతుల మీద ఆయన తన వాళ్ళ చేత మార్పులు చేయించాడు. కోర తీసేశారు. చేతులు చిన్నవి చేశారు. ముగ్గురికీ ఒకటే తెల్లటి ముఖం, సన్నటి ముక్కు, చెవి కొస మాత్రం కాస్త మొనదేలింది. చెల్లి ఫోన్ చేస్తే, "మిశ్రమ జాతి అంటే అందంగా ఉండాలి మేడం, చూసినవాళ్ళకి ఆడాలనిపించాలి" అన్నాడట. అచ్చయిన పుస్తకం ఆస్పత్రికి వచ్చింది. చెల్లి పుటలు తిప్పి, మూసి, నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, నా పేరు కింద ఎవరి బిడ్డలో ఉండారు" అంది.

మళ్ళీ పెన్సిలు పట్టలేదు.

వైకుంఠ సమారాధన రోజు ఆయన వచ్చాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్సు వేయించి మా గేటుకి కట్టించాడు. అందులో నా చెల్లెలు తెల్లగా ఉంది. కళ్ళు పెద్దవి చేయించాడు. మంచి చేశాననే అనుకున్నాడు పాపం. నేను విస్తరి వేసి కూర్చోబెట్టి, ఇంకో ఒబ్బట్టు వేసుకో అప్పా అన్నాను. చెయ్యి కడుక్కుంటూ, "ఆమె అసలు బొమ్మలు మీ దగ్గరుంటే ఇవ్వండమ్మా, స్మారక సంచిక వేస్తాం" అన్నాడు.

చూద్దామన్నాను.

రోజూ జపం చేసేదాన్ని. క్షమించే బుద్ధి ఇమ్మని అడగడం మా అమ్మ నేర్పింది. ఈసారి అది అడగలేదు. ఆయనకి నిండు ఆయుష్షు ఇమ్మని అడిగాను, చూపు బాగా ఉంచమని అడిగాను.

మారతహళ్ళిలో ఒక హాల్లో ఈ ఆటలవాళ్ళంతా కలిసే సంత జరిగింది. చెల్లితో ఆదివారాలు ఆడే పిల్లలు నాకు ఒక బల్ల ఇప్పించారు. ఆయన బల్లకి సరిగ్గా ఎదురుగా. తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అసలు బొమ్మలు తగిలించాను. ఒక్కో బొమ్మ పక్కన ఆయన అచ్చేసిన పుట. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఎవరినీ పిలవలేదు.

ఒకమ్మాయి ఆగి ఇటు చూసింది, అటు చూసింది. "ఆంటీ, ఇవి రెండూ ఒకటేనా?"

"ఇది మా చెల్లెలు గీసింది. అది ఆయన వేసింది."

"వీళ్ళు ముగ్గురూ సిస్టర్సా? ఒకరికొకరికి పోలికే లేదే."

"మేమూ అట్లే ఉంటిమి."

ఆమె తన స్నేహితుల్ని పిలిచింది. మధ్యాహ్నానికి మా రెండు బల్లల నడుమ గుంపు నిలిచింది. ఫోన్లు పైకి లేచాయి. ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, కొంచెం పక్కకి రండి, మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడప్పా. బొమ్మలు వదిలి రాలేను."

"మీకేం కావాలి?"

"ఆమె గీసినట్లు వెయ్యి."

"పుస్తకాలు అచ్చయిపోయినాయి కదమ్మా."

"అయితే ఆమె పేరు తీసెయ్యి."

"ఇప్పుడా?"

"నాకేం తొందర లేదు. సంత అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

ఆయన గుంపు వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. తన బల్ల దగ్గరికి పోయి, నల్ల మార్కరు మూత తీసి, మొదటి పుస్తకం తెరిచాడు. పేరు కొట్టేశాడు. తర్వాతది తీశాడు. వేళ్ళకి సిరా అంటుకుంటోంది, ఆయన తుడుచుకోవడం లేదు. సాయంత్రానికి పుస్తకాల్లోని ఆ నున్నటి ముఖాల పిల్లలు, తమవాళ్ళని చెప్పుకునేవాళ్ళు ఎవరూ లేక, బల్ల నిండా వరసగా మిగిలారు.