ఆ ప్రోగ్రాం రాసింది ఆమె

హైదరాబాదులో నేను పనిచేసిన చిన్న కంపెనీ మూతపడ్డాక ఖమ్మం తిరిగివచ్చి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి చేరాను. పాఠాలు చెప్పడం కష్టమనిపించలేదు. నేను రాసిన ప్రోగ్రాం చూసి ‘ఇక్కడ తప్పు చేశావు’ అని చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కడు కూడా లేకపోవడమే కష్టంగా ఉండేది. నా ముందు పిల్లలు తలలూపేవాళ్ళు. ప్రిన్సిపాల్ కూడా తలూపేవాడు.

అందుకని ఒక వేసవిలో తెల్లకాగితం మీద చేత్తో రాసి, జిరాక్స్ తీయించి, ఇంటర్నెట్ సెంటర్లలోనూ బస్టాండు దగ్గరి పుస్తకాల షాపుల్లోనూ అంటించాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళం ఆదివారం పది గంటలకు కలుసుకుందాం, ఫీజు లేదు, ఉద్యోగాలు ఇవ్వబడవు అని. చివరి మాట పెద్దక్షరాల్లో రాసినా, మొదటి వారం వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఉద్యోగం కోసమే వచ్చారు.

మూడో మనిషి నిలిచాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంటర్ తప్పి, మిర్చి మార్కెట్లో గుమాస్తాగా చేరి, పుస్తకం చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకొని, కమీషన్ దుకాణాల్లో బిల్లులు కొట్టే ప్రోగ్రాం రాసినవాడు. ఒకసారి దుకాణంలో చెడిపోయిన కంప్యూటర్‌ను మా గదికి తెచ్చి డబ్బా విప్పితే, లోపలి ఫ్యాను నిండా మిరప దుమ్ము. అరగంట సేపు గదిలో అందరం తుమ్ముతూనే ఉన్నాం.

ఆ గది మా మిత్రుడి టైపు ఇన్‌స్టిట్యూట్‌ది. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి మిషన్లు ముసుగులు వేసుకొని ఉండేవి. వాటిని గోడవారకు జరిపి రెండు కంప్యూటర్లు పెట్టాం. కరెంటు పోతే బోర్డు మీద సుద్దముక్కతో రాసుకునేవాళ్ళం. మధిర నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, కారేపల్లి నుంచి ఒక స్కూలు టీచరు, ఇంకో ఇద్దరు ముగ్గురు. నేను ఒకే నియమం పెట్టాను. ఎవరి ప్రోగ్రాం వాళ్ళే లేచి చూపించాలి, తప్పులు మిగతావాళ్ళు చెప్పాలి. ఆ నియమం గురించి ఎంతో గర్వపడేవాణ్ణి.

వానాకాలంలో ఆమె వచ్చింది. భద్రాచలం దాటి చర్ల రోడ్డులో, అడవిలోకి నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే కోయగూడెం ఆమెది. ఆ గూడెంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. భద్రాచలంలో జ్వరాల విభాగానికి చెందిన ఒక చిన్న ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసేది. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నాలుగు గంటలు ప్రయాణం చేసి మా గదికి చేరేది. మధ్యాహ్నం రెండింటికి లేచి వెళ్ళిపోయేది.

మొదటి రోజు మా ప్రోగ్రాములు చూస్తూ కూర్చుంది. రెండోసారి వచ్చినప్పుడు సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

“నాకొక ప్రోగ్రాం కావాలె సార్. నేనే రాస్త. ఎక్కడ మొదలుపెట్టాల్నో చెప్పున్రి” అంది.

ఆమె చెప్పింది ఇది. అడవి ఊళ్ళల్లో జ్వరం వచ్చినవాళ్ళ వేలు గుచ్చి, రక్తపు చుక్క గాజు పలక మీద తీసి పరీక్షకు పంపుతారు. ఫలితం వారానికి చీటీ మీద తిరిగి వస్తుంది. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఆడవాళ్ళు నలుగురు ఉంటారు. మలేరియా ఉన్నామె చీటీ లేనామెకు పోతుంది.

“మా వదినకట్లనే అయింది” అంది. “ఏం లేదని చీటీ వచ్చింది. ఆ చీటీ ఎన్క గుడిసామెది. మా వదినకు మందు దొరికేసరికి ఆరు దినాలు పట్టింది. అప్పటికే ఫిట్స్ వచ్చినయ్.”

“ఇప్పుడెట్లుంది?” అని అడిగాను.

“లేదు సార్” అంది, పుస్తకంలో పేజీ తిప్పుతూ.

ఆ తర్వాత ఎవరూ ఆమెను పరామర్శించలేదు. మిర్చి మార్కెట్ అన్న మాత్రం సుద్దముక్క అందుకొని “ప్రతి పలకకూ ఒక నంబరుండాలె చెల్లే. పేరుతోని వెతుకొద్దు” అన్నాడు. అక్కడ మొదలైంది.

ఆరు నెలలు రాసింది. ఆఫీసులో పని అయిపోయాక ఆ కంప్యూటర్ మీదే కూర్చునేది. ఫ్లాపీలో వేసుకొచ్చి మాకు చూపించేది. మేము తప్పులు చెప్పేవాళ్ళం, రాసుకొని వెళ్ళేది, మళ్ళీ వచ్చేసరికి ఆ తప్పులుండేవి కావు. ఒకసారి లెక్క ఎక్కువ వస్తోంది. పలకలు రెండు వందలైతే ప్రోగ్రాం రెండు వందల నలభై చూపిస్తోంది. నేను రెండు ఆదివారాలు తల బద్దలుకొట్టుకున్నాను. మూడో ఆదివారం ఆమె బస్సు దిగి వస్తూనే చెప్పింది. ఊళ్ళో పలకలు తీసే ఆరోగ్య కార్యకర్త వారం మారగానే మళ్ళీ ఒకటి నుంచి నంబర్లు వేస్తోందట. ఒకే నంబరున్న పలకలకు రెండేసి ఫలితాలు తగిలి లెక్క పెరుగుతోంది. ప్రోగ్రాంలో తప్పు లేదు. ఆమె ఆ కార్యకర్తతో ఒక రోజంతా ఊళ్ళు తిరిగి చూసింది. మా గదిలో కూర్చుని అది కనిపెట్టడం నా వల్ల అయ్యేది కాదు.

చలికాలానికి ప్రోగ్రాం నడిచింది. ఒక ఆదివారం ఆమె సంచి నిండా ఇప్పపూల లడ్డూలు తెచ్చింది. చీటీలు మారిపోవడం ఆగిపోయిందని చెప్పింది. మేమంతా తిన్నాం. నా జీవితంలో ఇంత మంచి పని ఇంకొకటి చేయలేదనుకున్నాను. చేసింది నేను కాదన్న సంగతి అప్పటికి గుర్తుంది.

ఎండలు మొదలయ్యే ముందు, వైరా రోడ్డులో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పండుగలాంటిది ఒకటి పెట్టారు. బయటి ఊళ్ళ నుంచి అతిథులు వస్తున్నారు, మీ ఆదివారం బృందం ఏదైనా చూపించగలదా అని కబురు పంపారు. ఆమె ప్రోగ్రామే చూపించాలని అందరం అనుకున్నాం. ఆమె వారం ముందు నుంచి ఏం మాట్లాడాలో తెలుగులో రాసుకుంది. ఆ కాగితం నాకు చూపించింది. వదిన సంగతి అందులో మొదటి వాక్యంలోనే ఉంది.

ఆ రోజు ఉదయం కాలేజీ యజమాని మమ్మల్ని పక్కకు పిలిచాడు. ఆమెను పైనుంచి కిందికి చూసి, నా వైపు తిరిగాడు.

“అతిథులు పెద్దోళ్ళు సార్. ఇంగ్లీషుల అయితే బాగుంటది. మీరే చెప్పరాదున్రి” అన్నాడు.

అప్పుడు ‘కుదరదు, ఆమే చెప్తుంది’ అనవలసింది. మూడు మాటలు. నేను ఆమె వైపు తిరిగి, “నువ్వు కంప్యూటర్ దగ్గర కూర్చొని చూపించు. నేను మాట్లాడుతా. ఆఖర్ల నీ పేరు చెప్తా” అన్నాను.

“సరే సార్” అంది. చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. బాగా మాట్లాడాను. అంతమంది ముందు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ప్రశ్నలు అడిగారు, జవాబులు చెప్పాను. ఈ ఆలోచన మీకెట్లా వచ్చిందని ఒక అతిథి అడిగితే, అడవి ప్రాంతంలో జ్వరాల గురించి తెలిశాక ఊరుకోలేకపోయానని చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. సమయం అయిపోయిందని తర్వాతివాళ్ళను పిలిచారు. వేదిక దిగుతుంటే గుర్తొచ్చింది, పేరు చెప్పలేదని. మళ్ళీ మెట్లెక్కి మైకు అడగడానికి మొహమాటమేసింది. ఆ రోజు నేను పడ్డ మొహమాటం అదొక్కటే.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. మలేరియాపై ఖమ్మం లెక్చరర్ ప్రోగ్రాం అని శీర్షిక. మా అమ్మ ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది.

ఆ ఆదివారం కూడా ఆమె వచ్చింది. ఎప్పటిలాగే కంప్యూటర్ ముందు కూర్చుంది. అడిగింది మిర్చి మార్కెట్ అన్న.

“ఎవరి ప్రోగ్రాం వాళ్ళే చూపియ్యాలె అన్నది నువ్వే గదా తమ్మీ. గిదేంది మరి?”

“పేపరోళ్ళు తప్పు రాసిన్రు అన్నా. నేను ఉత్తరం రాస్త” అన్నాను.

“రాయి మరి” అన్నాడాయన. ఆ తర్వాతి వారాల్లో కూడా అడిగాడు. ఉత్తరం రాశాను కూడా. కవరులో పెట్టి టేబుల్ మీద ఉంచాను. ఈలోగా ఆ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మా దగ్గర చేరతారా అని యజమానే స్వయంగా అడిగాడు. చేరాక పంపుదాం అనుకున్నాను. చేరాక, ఇప్పుడు పంపితే ఏమనుకుంటారో అనుకున్నాను. మిర్చి మార్కెట్ అన్న ఆదివారాలు రావడం మానేశాడు. గది ముందు నుంచే మోటారు సైకిలు మీద వెళ్ళేవాడు, ఆగేవాడు కాదు.

ఏప్రిల్‌లో ఆమె ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. ఆఫీసులో పై అధికారి పేపరు ముక్క ఆలస్యంగా చూశాడట. ఆఫీసు వివరాలు బయటి లెక్చరర్ చేతికి ఎట్లా వెళ్ళాయని అడిగాడట. ప్రోగ్రాం తనదేనంటే, ‘పేపర్లో అట్లా లేదే’ అన్నాడట.

“మీరొక్కసారి వచ్చి చెప్పున్రి సార్. నేను రాసిందేనని, రోగుల పేర్లు ఎవ్వరికీ ఇయ్యలేదని. మీరు చెప్తే ఇంటడు” అంది. “జల్దీ రాన్రి.”

“సోమవారం వస్తా” అన్నాను.

సోమవారం మా కాలేజీకి తనిఖీ బృందం వస్తోందన్నారు. ఆ వారం కొత్త ఉద్యోగం వదిలి కదలలేకపోయాను. కదలలేదు అంటే సరిగ్గా ఉంటుంది. పన్నెండో రోజున భద్రాచలం బస్సెక్కాను.

అధికారి నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. టీ తెప్పించాడు. ప్రోగ్రాం ఆమె రాసిందేనని, నేను మాట్లాడానంతేనని చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

“మరి పేపర్ల మీ పేరు ఎట్లొచ్చింది సార్?”

“పొరపాటున పడ్డది.”

“అయితే సవరణ ఏసిన్రా? ఉంటే ఇయ్యున్రి, ఫైలుల పెడ్త.”

నా దగ్గర ఏమీ లేదు. ఆయనే చెప్పాడు, ఆమె కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోయిందని, మళ్ళీ పొడిగించలేదని, అనుమతి లేని ప్రోగ్రాం కాబట్టి తీసేయించానని. గోడ పక్కన బల్ల మీద ఒక గుమాస్తా పెద్ద రిజిస్టరులో పేర్లు రాసుకుంటున్నాడు. అవి చదవకుండా బయటికొచ్చాను.

చర్ల బస్సెక్కి దిగి, అడవిలోకి నడిచాను. బీడీల తునికాకు కోసే రోజులు. గూడెం చివర చదును చేసిన నేల మీద ఆకు కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. ఆమె తల్లితో కలిసి ఆకులు లెక్కపెట్టి నారతో కడుతోంది. నన్ను చూసి లేచింది. మంచం తెప్పించి నీళ్ళిచ్చింది. మళ్ళీ వెళ్ళి ఆకుల ముందు కూర్చుంది. తల్లి కోయలో ఏదో అడిగింది, ఆమె ఒక్క ముక్కలో జవాబిచ్చింది.

“ఆఫీసులో చెప్పొచ్చిన” అన్నాను.

“అవ్ సార్. పన్నెండు దినాలైంది” అంది. చేతులు ఆగలేదు.

“ఆ రోజు నీ పేరు చెప్దామనే అనుకున్న. టైం అయిపోయింది.”

ఆమె కట్ట ముడి బిగించి పక్కన పెట్టింది.

“మీరు ఇంగ్లీషుల మాట్లాడితే నాకు సమజ్ కాలేదనుకున్నరా సార్? నేను డిగ్రీ చదివిన. జ్వరాల గురించి తెలిసినంక ఊకుండలేకపోయిన అన్నరు. ఎవరికి జ్వరమొచ్చిందో చెప్పలే. నా పేరు పోతే పోయింది. మా వదిన మాటన్నా చెప్తరనుకున్న.”

నేను చెప్పడానికి వచ్చిన మాటే చెప్పాను. “మా కాలేజీల ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగమున్నది. నేను మాట్లాడిన. వస్తవా?”

“మీ కిందనా?” అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది.

“అవ్. నా కిందనే.”

“ఒద్దు సార్. చివరి బస్సు నాలుగింటికి. ఇప్పుడు నడిస్తే అందుతది” అంది.

నడిచాను. ఆ వారమే ఉత్తరాన్ని పేపరుకు పంపాను. మూడు నెలల పాత వార్తకు సవరణ ఎవరు వేస్తారు? వేయలేదు. ఆదివారాలు ఇంకొంతకాలం నడిచాయి. పేపరు చూసి కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళకు కావలసింది చివరి సంవత్సరం ప్రాజెక్టులు. తమవి చూపించేవాళ్ళు లేరు, ఎవరివో అడిగేవాళ్ళే అందరూ. కాదనడానికి నాకు నోరు రాలేదు. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం వెళ్ళలేదు, ఆ పై ఆదివారం కూడా వెళ్ళలేదు. గది తాళం మిత్రుడికి ఇచ్చేశాను.

రెండేళ్ళకు భద్రాచలం నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఒక కుర్రాణ్ణి అడిగితే, ఆమె పరీక్ష రాసి ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరిందని చెప్పాడు. కంప్యూటర్లు చెప్తుందా అని అడిగాను. కాదు, లెక్కలు అన్నాడు. ఆ బడికి వెళ్ళి రావచ్చు, దారి తెలుసు. వెళ్ళలేదు. ఆ కాలేజీ ఉద్యోగం కూడా మానలేదు. తొమ్మిదేళ్ళు చేశాను.