ఎడమచేతి గూళ్లు

ఎడమచేత్తో ఇస్తే మా అత్త ఏదీ పుచ్చుకోదు. కూరగాయలామె చిల్లర ఎడమచేత్తో ఇవ్వబోయినా, "ఆ చెయ్యి మార్చమ్మా" అని నిలబెట్టేస్తుంది. పెళ్లయి బంగారు గనుల చాంపియన్ రీఫ్స్ నుంచి సుగటూరు వచ్చిన కొత్తలో నాకూ ఆ పాఠం అయింది. ఎడమచేత్తో కాఫీ అందిస్తే, అది చల్లారిపోయేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. సరేలే, పెద్దావిడ పద్ధతి అనుకున్నాను.

మా పాపకు ఎడమచెయ్యే బలహీనమని తెలిశాక మాత్రం ఆ పద్ధతి మీద నాకు ఒళ్లు మండింది.

పుట్టినప్పటి నుంచీ ఆ చెయ్యి పిడికిలి బిగించుకునే ఉండేది. పాప అన్నీ కుడిచేత్తోనే చేసుకుంటుంటే, ఎంత మంచి అలవాటో అని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. కోలారులో థెరపీ చేసే అమ్మాయి చూసి అసలు సంగతి చెప్పింది.

"ఈ చెయ్యికి పట్టుకునేది వస్తుందక్కా, వదిలేదే రాదు. వాడకపోతే ఉండే బలమూ పోతుంది. ఇంట్లో ఆటలాగా చేయించండి."

రోజూ కాసేపు కుడిచేతికి సాక్సు తొడిగి, పనులు ఎడమచేత్తో చేయించాలంది. ఎవరూ సాయం చేయకూడదు, వేళ్లు తెరుచుకునేదాకా ఓపిక పట్టాలి అని మరీమరీ చెప్పింది. ఇంటికొచ్చి నేనూ అదే మాట అందరికీ అరిచి మరీ చెప్పాను.

ఆమె ఇచ్చిన రంగు బంకముద్ద, ప్లాస్టిక్ పూసలంటే పాపకు నాలుగు రోజులకే విసుగొచ్చింది. రాదూ మరి? పట్టుపురుగులు మేపే ఇంట్లో పిల్లకు ఆటలు బయట నుంచి తేవాలా! మల్బరీ ఆకు తుంచమన్నాను. తీగ మీది బట్టల క్లిప్పులు తీయమన్నాను. రాగిపిండి పిసకమన్నాను. పురుగులు గూళ్లు కట్టాక, అవి అల్లుకునే వెదురు తట్టలు, అదే చంద్రికల నుంచి వాటిని ఊడదీయమన్నాను. మొదట్లో గట్టిగా నొక్కేసి సొట్టలు పెట్టేది. మా ఆయన సరుకు పాడవుతోందని గొణిగాడు.

"గూళ్లు ఇంగో పంటకి వస్తాయి. ఈ చెయ్యి వస్తాదా?" అన్నాను. గని కార్మికుల లైను ఇళ్లలో పెరిగినదాన్ని, గొంతు తగ్గించడం నాకు చేతకాదు.

అత్త సంగతి వేరు. ఆవిడకు పాపంటే ప్రాణం. కానీ పాప ఎడమచేత్తో ఏదైనా తెచ్చిస్తే, "ఆ చెయ్యి వద్దు బంగారూ" అని వెనక్కి పంపేది. ముద్దుగానే చెప్పేది. చెప్తేనేం? కొన్నాళ్లకు పాప అవ్వ ఎదురుపడితే చాలు, ఆ చేతిని గౌను మడతల్లో దాచుకోవడం మొదలుపెట్టింది. అది చూసి నేరుగా అత్త దగ్గరకు వెళ్లాను.

"అత్తా, చెయ్యి బాగలేకుంటే బాగు చేసుకుంటా. సిగ్గు పట్టుకుంటే యాడికి తీసుకపోయి చూపించేది?"

"నేనేమంటినే? బిడ్డకి మంచీ చెడ్డా నేర్పకూడదా?" అని మూతి ముడుచుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ముక్తసరి మాటలే.

ఇంతలో పంట చేతికొచ్చింది. గూళ్లు మార్కెట్టుకు పోయే ముందు మొదటి గుప్పెడు ఇంటి ఆడపిల్ల చేత అత్త కొంగులో వేయించడం మా ఇంట్లో ఆనవాయితీ. ఆవిడ వాటిని దేవుడి పటం ముందు పెట్టాకే మూటలు కడతారు. ఆ పొద్దున పాపకు సాక్సు తొడగలేదు. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. గంప దగ్గరకు వెళ్లి, నా వైపు ఒకసారి చూసి, ఎడమచేత్తో గూళ్లు పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. తనకే తోచింది. తీసుకెళ్లి అవ్వ ముందు నిలబడింది.

నేను చెంగు బొడ్లో దోపుకున్నాను. ఈరోజు ఆవిడ ఒక్క మాటంటే ఊరుకునేది లేదు.

అత్త ఆ చేతిని చూసింది. కొంగు పరిచింది.

పాప వేళ్లే తెరుచుకోలేదు. మొహం ఎర్రబడింది, పెదవి వణికింది. బయట గూళ్లు మార్కెట్టుకు తీసుకెళ్లే ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఒక్క అంగలో వెళ్లి ఆ వేళ్లు విడదీయబోయాను.

అత్త నా చేతి మీద ఠపీమని ఒక్కటేసింది.

"తియ్యిమే చెయ్యి! ఎవురూ సాయం చేయకూడదని ఇల్లెగిరిపోయేట్టు అరిచినావే!" అని, పాప వైపు తిరిగింది. "నిదానంగా కానీ తల్లీ. అవ్వకి యాడికీ పోయే పని లేదు."

ముందు చిటికెన వేలు కదిలింది. ఆ తర్వాత తక్కినవి. గూళ్లు ఒక్కొక్కటే కొంగులో రాలాయి, సొట్టలు పడినవాటితో సహా.

పాప తన ఖాళీ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇంగొంచెం ఇయ్యనా అవ్వా?"

"తే తల్లీ" అని అత్త కొంగు అలాగే పట్టుకుని కూర్చుంది. బయట హారన్ మోగుతూనే ఉంది. మోగనీ అనుకున్నాను.